షుగర్‌కి చర్చి మేలా, బార్బర్ షాపు మేలా, గుమ్మం దాకా వచ్చే మనిషి మేలా?

డెట్రాయిట్ తూర్పు వైపు ఒక ఫార్మసీలో చేరిన కొత్తలో, కౌంటర్ మీద చీటీ పెట్టి ఒక పెద్దావిడ "ఐ గాట్ షుగర్, బేబీ" అంది. గుంటూరులో మా పెద్దమ్మ "నాకు షుగరే తల్లీ" అన్నట్టే వినపడింది. డయాబెటిస్ అనేది డాక్టర్ల మాట. నల్లజాతి ఇళ్ళలో షుగర్, మన ఇళ్ళలోనూ షుగరే. బాల్టిమోర్‌లో జాన్స్ హాప్కిన్స్ వాళ్ళు నల్లజాతివాళ్ళ మధ్య చేసిన పరిశోధనకు పెట్టుకున్న పేరు కూడా 'ప్రాజెక్ట్ షుగర్'.

డెట్రాయిట్ శివార్లలో ట్రాయ్, నోవై, కాంటన్ వైపు మనవాళ్ళు ఎక్కడ కలిసినా ఈమధ్య నన్ను అడిగేది ఒకటే. గుడి హాల్లో ఏడాదికోసారి షుగర్ క్యాంపు పెడుతున్నారు, వేలు గుచ్చి అంకె చెప్పి పంపిస్తున్నారు, మళ్ళీ ఏడాదికి అదే మనుషులు ఇంకా పెద్ద అంకెతో వస్తున్నారు. "నువ్వు డెట్రాయిట్‌లో చూస్తున్నావు కదమ్మా, నల్లవాళ్ళు వాళ్ళ పేటల్లో వాళ్ళే ఏవేవో చేసుకుంటున్నారట, అందులో ఏది పనిచేస్తోంది?" అని.

ఈ ఏడాది ఆ ప్రశ్న నా మెడకే చుట్టుకుంది. నాకు ఖాళీ దొరికేది నెలకు రెండు శనివారాలు. ఒక చర్చివాళ్ళు తమ షుగర్ క్లాసులకు రమ్మన్నారు. ఇళ్ళకు వెళ్ళే ఆరోగ్య కార్యకర్తల బృందం ఒకటి తమతో తిరగమంది. ఇద్దరికీ సరే అనడానికి వీల్లేదు. ఎటు వెళ్ళాలా అని లెక్క వేసుకునేటప్పుడు చూసినవీ చదివినవీ ఇక్కడ పెడుతున్నాను.

వాళ్ళ గొడవ మనకెందుకు అనేవాళ్ళకు ఒక్క లెక్క చాలు. అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ 2020 నివేదిక ప్రకారం షుగర్ ఉందని తేలిన పెద్దవాళ్ళు తెల్లజాతిలో 7.5 శాతం, నల్లజాతిలో 11.7 శాతం. భారత సంతతివాళ్ళలో 12.6. కాకపోతే మనలో ఎక్కువమందికి ఇన్సూరెన్సు ఉంది, కారు ఉంది, దగ్గర్లో కూరగాయల కొట్టు ఉంది. నేను పనిచేసే పేటలో చాలామందికి ఆ మూడింట్లో ఏదో ఒకటి ఉండదు. అయినా ఈ పని వాళ్ళు మనకంటే చాలా ముందే మొదలుపెట్టారు.

నా కొలబద్ద ఏమిటో ముందే చెప్పేస్తాను, దాచడం దేనికి. పాఠం ఎంత బాగుంది, చెప్పింది ఎవరు, వంటల పుస్తకం పంచారా లేదా అని నేను పెద్దగా చూడను. రాకుండా పోయిన మనిషిని ఎవరు వెతుక్కుంటూ వెళ్తున్నారో చూస్తాను.

ఇది నా కౌంటర్ నేర్పిన బుద్ధి. మా కంప్యూటర్ తెర మీద ఒక్కొక్కరు మందు తీసుకున్న తేదీలు వరసగా కనపడతాయి. షుగర్ బిళ్ళ మెట్‌ఫార్మిన్ 90 రోజులకు ఇస్తాం. జనవరిలో తీసుకున్నాడు, ఏప్రిల్‌లో తీసుకున్నాడు. జూలైలో రాలేదు, ఆగస్టులోనూ రాలేదు. ఉద్యోగం పోయిందా, కడుపులో తిప్పి మానేశాడా, కూతురి దగ్గర ఉందామని అట్లాంటా వెళ్ళాడా, తెరకు తెలీదు. మా కంప్యూటర్ ఒక ఫోన్ చేస్తుంది, దాన్ని ఎవరూ ఎత్తరు. కళ్ళు, కిడ్నీలు, కాళ్ళు పాడయ్యేది ఆ ఖాళీ నెలల్లోనే.

ఇక చర్చి. నల్లజాతి పేటలో చర్చి అంటే ఆదివారం ప్రార్థన ఒక్కటే అనుకోకండి. పెళ్ళీ చావూ, ఓటూ చదువూ, కష్టమొస్తే చేబదులూ అన్నీ ఆ గడప దగ్గరే. పైగా నమ్మకం సంగతి ఒకటుంది. అలబామాలోని టస్కిగీలో 1932 నుంచి 1972 దాకా ప్రభుత్వ డాక్టర్లు సిఫిలిస్ ఉన్న నల్లజాతి మగవాళ్ళకు వైద్యం ఇవ్వకుండా, జబ్బు ఎలా ముదురుతుందో నలభై ఏళ్ళు చూస్తూ కూర్చున్నారు. ఆ మాట ఈ రోజుకీ నా కౌంటర్ దగ్గర వినపడుతుంది. కొత్త మందు ఇస్తే "ఇది ఎవరి మీద పరీక్షించారు?" అని అడిగే తాతలున్నారు. అదే మందు గురించి పాస్టరు పీఠం మీదనుంచి ఒక్క మాటంటే ఆ ప్రశ్న రాదు.

చర్చి పద్ధతికి మంచి ఉదాహరణ జార్జియాలోని అగస్టాలో 'ఫిట్ బాడీ అండ్ సోల్' అనే బరువు తగ్గించే కార్యక్రమం. 20 నల్లజాతి చర్చిలు, 604 మంది, పాఠం చెప్పేది చర్చి సభ్యులే. ఏడాది గడిచేసరికి సగటున 2.4 కిలోలు తగ్గారు. మామూలు ఆరోగ్య పాఠాలు పెట్టిన చర్చిల్లో చెప్పుకోదగ్గ తగ్గుదల లేదు. బరువులో 7 శాతం తగ్గించుకున్నవాళ్ళు ఇక్కడ 19 శాతం, అక్కడ 8 శాతం. 2.4 కిలోలేనా అని పెదవి విరవకండి. జీతాలిచ్చి, ఒక్కొక్కరికీ ఒక్కో మనిషిని కేటాయించి నడిపిన పెద్ద పరిశోధనలోనే నల్లజాతి మహిళలు మిగతావాళ్ళకంటే తక్కువ బరువు తగ్గారు. ఇక్కడ నడిపింది చర్చి సభ్యులే. షుగర్ ఇంకా రానివాళ్ళకు, అంచున ఉన్నవాళ్ళకు, ఇంత చౌకగా ఇంతమందిని ఒకచోట కూర్చోబెట్టగలిగేది చర్చి ఒక్కటే.

పోయిన ఏడాది ఇలాంటి క్లాసుకే మందుల గురించి రెండు మాటలు చెప్పడానికి వెళ్ళాను. ప్రార్థన అయ్యాక కింది హాల్లో పొడుగు బల్ల, అల్యూమినియం ట్రేలలో కొలార్డ్ ఆకుకూర. గోంగూరలో ఎండు రొయ్యలు పడితేనే ముద్ద దిగుతుందనేవాళ్ళు మన దగ్గర ఎలాగో, కొలార్డులో పొగబెట్టిన పంది కాలు పడకపోతే అది కూరే కాదనేవాళ్ళు వీళ్ళ దగ్గర అలాగ. ఆ రోజు దాని బదులు పొగబెట్టిన టర్కీ మెడ వేశారు, ఉప్పు సగం చేశారు. తెల్ల టోపీ పెట్టుకున్న ఒక పెద్దావిడ, చర్చిలో అందరూ 'మదర్' అని పిలిచే ఆవిడ, చెంచాతో రుచి చూసి, ఒక్క క్షణం ఆగి "ఇట్స్ ఆల్‌రైట్" అంది. మన అత్తగారు "ఫర్లేదులే" అన్నప్పుడు కోడలికి ఎంత అర్థమవుతుందో, వండినావిడకు అంతా అర్థమైంది. అదే హాల్లో రెండో మూల ఎవరిదో పుట్టినరోజు. అక్కడ బల్ల మీద పీచ్ కాబ్లర్, స్వీట్ టీ. క్లాసు అయిపోగానే సగం మంది ఆ బల్ల దగ్గరికి నడిచారు. నేనూ ఒక చెంచా తిన్నాను, అబద్ధం ఎందుకు.

మొదటి వారం కుర్చీలు చాలలేదు. తొమ్మిదో వారానికి మనుషులు చాలలేదు. మిగిలినవాళ్ళలో మగవాళ్ళు ఇద్దరు, అందులో ఒకాయన భార్యని దింపడానికి వచ్చి కూర్చున్నాడు. మానేసినవాళ్ళ గురించి అడిగితే "బాగానే ఉంది, ఆదివారం కనపడింది" అన్నారు. చర్చి బలహీనత నాకు అక్కడే దొరికింది. అందరూ అందరికీ తెలిసినచోట, తగ్గిన బరువు మళ్ళీ పెరిగిన మనిషి తూకం దగ్గరికి రావడానికి సిగ్గుపడుతుంది. ఎందుకు రాలేదని అడగడానికి మిగతావాళ్ళు మొహమాటపడతారు.

విచిత్రం ఏమిటంటే, వెతుక్కుంటూ వెళ్ళే ఏర్పాటు చర్చికి ఎప్పటినుంచో ఉంది. ఆదివారం పంచే కాగితంలో 'సిక్ అండ్ షట్ ఇన్' అని ఒక జాబితా వేస్తారు. జబ్బుపడి ఇల్లు కదల్లేనివాళ్ళ పేర్లు. ఆ పేర్లు చూసి చర్చి పెద్దలూ ఆడవాళ్ళూ ఇళ్ళకు వెళ్తారు, భోజనం పట్టుకెళ్తారు, పక్కన కూర్చుని ప్రార్థన చేస్తారు. కాలు తీసేశాక మనిషి పేరు ఆ జాబితాలోకి ఎక్కుతుంది. అంతకుముందు రెండేళ్ళు మందు మానేసి తిరిగినప్పుడు ఎక్కదు.

మగవాళ్ళ దగ్గరికి వచ్చేసరికి చర్చి చేతులెత్తేస్తుంది, బార్బర్ షాపు అందుకుంటుంది. ఏళ్ళ తరబడి ఒకే బార్బరు దగ్గరికి, చాలామంది రెండు వారాలకోసారి వెళ్తారు. కుర్చీ ఖాళీ అయ్యేదాకా బాస్కెట్‌బాలూ రాజకీయాలూ అల్లుడి మీద చాడీలూ, అచ్చం రచ్చబండే. లాస్ ఏంజెలెస్‌లో రొనాల్డ్ విక్టర్ అనే గుండె డాక్టరు 52 షాపుల్లో బీపీ ఎక్కువున్న 319 మందితో చేసిన పరిశోధన 2018లో అచ్చయింది. కొన్ని షాపుల్లో బార్బరు "డాక్టర్ని కలువు, తిండి మార్చుకో" అని చెప్పి ఊరుకున్నాడు. మిగతా షాపులకు ఫార్మసిస్టు వచ్చి, అక్కడే బీపీ చూసి, డాక్టర్లతో ఉన్న ఒప్పందం ప్రకారం అక్కడే మందు రాసి, అవసరమైతే మార్చారు. ఆరు నెలలకు పై బీపీ మొదటి రకం షాపుల్లో 9 పాయింట్లు, రెండో రకం షాపుల్లో 27 పాయింట్లు తగ్గింది. ఫార్మసిస్టుని కదా, ఈ పేపరు నేను ఎంతమందికి చూపించానో చెప్తే నవ్వుతారు.

కానీ అది బీపీ. మందు పడితే వారాల్లో అంకె దిగుతుంది. షుగర్‌లో మందు సగం, వంటగది సగం. గడ్డం గీయించుకునేవాడి వంటగది బార్బరుకు కనపడదు. బ్రూక్లిన్ బార్బర్ షాపుల్లో హెచ్‌బీఏ1సీ, అదే మన మూడు నెలల షుగర్ పరీక్ష, చేసి చూశారు. ఫలితాలు 2020లో వచ్చాయి. 895 మందిని అడిగితే ఒప్పుకున్నది మూడోవంతు చిల్లర. మిగతావాళ్ళలో చాలామంది "మా డాక్టరు చూశాడులే" అన్నవాళ్ళే. పరీక్ష పూర్తయిన 290 మందిలో 26 మందికి షుగర్ ఉన్నట్టు అప్పుడే బయటపడింది, 82 మంది అంచున ఉన్నారు. జబ్బు ఉన్నట్టే తెలియని మగవాడిని పట్టుకోవడానికి ఇంతకంటే మంచి చోటు నాకు తెలీదు. తెలిశాక సంగతి మాత్రం షాపు చేతుల్లో లేదు.

ఇంకో మాట, ఫార్మసిస్టు చాదస్తం అనుకోండి. నల్లజాతివాళ్ళలో పదమూడు మందికి ఒకరిలో సికిల్ సెల్ అనే రక్త జబ్బు జన్యువు ఒకటి ఉంటుంది. జబ్బేమీ కనపడదు కానీ, వాళ్ళలో హెచ్‌బీఏ1సీ ఉన్నదానికంటే తక్కువ చూపిస్తోందని 2017లో ఒక పరిశోధన వచ్చింది. షాపులో అంకె బాగుందని కాలర్ ఎగరేసుకుంటూ వెళ్ళినవాళ్ళందరికీ నిజంగా బాగున్నట్టు కాదు.

నా మొగ్గు ఎటో ఈపాటికి మీకు తెలిసే ఉంటుంది. ఆరోగ్య కార్యకర్త అంటే అదే పేటలో పుట్టి పెరిగిన మనిషి, నర్సు కాదు, డాక్టరు కాదు, శిక్షణ తీసుకుని ఇంటింటికీ తిరిగే మనిషి. మన ఆశా కార్యకర్తను తలుచుకోండి, కాస్త అటూ ఇటూగా అదే. జాతుల మధ్య ఆరోగ్య తేడాలు తగ్గించడానికి 1999లో సీడీసీ మొదలుపెట్టిన రీచ్ పథకం కింద డెట్రాయిట్‌లో ఇలాంటివాళ్ళను 'ఫ్యామిలీ హెల్త్ అడ్వొకేట్లు' అన్నారు. తూర్పు వైపు నల్లజాతివాళ్ళు, నైరుతి వైపు లాటినోలు. షుగర్ ఉన్న 164 మందితో చేసిన పరిశోధన 2011లో అచ్చయింది. కార్యకర్తలు క్లాసులు నడిపారు, ఇళ్ళకు వెళ్ళారు, ఒకసారి డాక్టరు దగ్గరికి కూడా వెంట వెళ్ళారు. ఆరు నెలల్లో సగటు హెచ్‌బీఏ1సీ 8.6 నుంచి 7.7కి దిగింది. కార్యకర్త ఇంకా దొరకని రెండో గుంపులో కదలిక లేదు. ఈ అంకె ఒక్క పాయింటు తగ్గినవాళ్ళలో కళ్ళు, కిడ్నీల్లాంటి చోట్ల సన్న రక్తనాళాలు దెబ్బతినడం 37 శాతం తక్కువని బ్రిటన్‌లో పెద్ద పరిశోధన ఎప్పుడో చూపించింది. కాబట్టి 0.9 చిన్న అంకేమీ కాదు.

అంకెలు సరే, లోపల ఏం జరుగుతుందో చూడాలని పోయిన అక్టోబరులో ఒక కార్యకర్త వెంట ఒక ఇంటికి వెళ్ళాను. ఆ ఇంటాయనకు డెబ్బై దాటాయి. కార్యకర్త ఆయన పేరుకు ముందు 'మిస్టర్' పెట్టి పిలిచింది, మనం చివర గారు తగిలించినట్టు. అరగంట దాకా షుగర్ మాటే ఎత్తలేదు. పక్కింటి పైకప్పు కూలడం, మనవరాలి గ్రాడ్యుయేషను, వీధి చివర మూసేసిన స్కూలు. నేను మనసులో గడియారం చూసుకుంటున్నాను. అప్పుడు ఆవిడ తాపీగా "మీ మందులన్నీ ఒకసారి బల్ల మీద పెడతారా" అంది. ఆయన ప్లాస్టిక్ సంచి తెచ్చి బోర్లించాడు. అందులో రెండు సీసాలు. ఒకదాంట్లో గుండ్రటి తెల్ల బిళ్ళలు, ఇంకోదాంట్లో కోలగా పొడుగు బిళ్ళలు. రెండూ మెట్‌ఫార్మినే. ఒకటి పోస్టులో వచ్చింది, ఒకటి కొట్లో తీసుకున్నది. కంపెనీలు వేరు కాబట్టి బిళ్ళ ఆకారం వేరు. ఆయన రెండు వేరే మందులనుకుని రెండూ వేసుకున్నాడు, కడుపు పాడైంది, రెండూ ఒకేసారి మానేశాడు. అలా నాలుగు నెలలు.

సీసా మీద పేరు రాసే ఉంది. ఆయన కళ్ళజోడు ఒక పక్క విరిగి టేపు వేసి ఉంది. అలాంటి సీసాలు నా చేత్తో నేను ఎన్ని అందించి ఉంటానో. కౌంటర్ దగ్గర "ఏమైనా అడగాలా?" అని మేం అడుగుతాం. "నో బేబీ, ఐయామ్ గుడ్" అంటారు, సంతకం పెడతారు, వెళ్ళిపోతారు. చర్చి క్లాసులో ఆయన ఈ సంచి విప్పడు. బార్బరు కుర్చీలోనూ విప్పడు. ఒక సీసా పక్కన పెట్టించడానికి, డాక్టరు ఆఫీసుకు ఫోన్ చేసి కడుపుకు పడే రకం, మెల్లగా కరిగే రకం, రాయించడానికి మాకు పట్టింది ఇరవై నిమిషాలు. ఆ ఇరవై నిమిషాల దాకా చేరడానికి ముందు అరగంట కబుర్లు కావలసివచ్చాయి. ఆవిడ రెండు వారాల్లో మళ్ళీ వెళ్ళింది, కళ్ళజోడు సంగతి కూడా చూసింది.

బాల్టిమోర్ సంగతీ చూడండి. ప్రాజెక్ట్ షుగర్ రెండో విడతలో 542 మంది నల్లజాతివాళ్ళు. నర్సూ పేట కార్యకర్తా జంటగా కనిపెట్టుకుని ఉన్నవాళ్ళలో ఎమర్జెన్సీకి పరుగెత్తడం 23 శాతం తక్కువ. డబ్బు లెక్కలు అడిగేవాళ్ళకు నేను ముందు చెప్పేది ఇదే.

కార్యకర్తకు దగ్గరి చుట్టం ఇంకో పద్ధతి, షుగర్ ఉన్నవాడినే షుగర్ ఉన్నవాడికి తోడు పెట్టడం. ఫిలడెల్ఫియాలో మాజీ సైనికుల ఆసుపత్రిలో నల్లజాతి మాజీ సైనికులు 118 మందితో చేసిన పరిశోధన 2012లో వచ్చింది. నాకు ఇది భలే ఇష్టం. ఒక గుంపుకు మామూలు వైద్యం. రెండో గుంపుకు డబ్బు ఆశ చూపించారు, హెచ్‌బీఏ1సీ ఒక పాయింటు తగ్గిస్తే 100 డాలర్లు, రెండు తగ్గిస్తే 200. మూడో గుంపుకు ఒక తోడు మనిషి, ఒకప్పుడు షుగర్ ఎక్కువై ఇప్పుడు అదుపులో పెట్టుకున్న సాటి సైనికుడు. వారానికోసారైనా మాట్లాడితే ఆ తోడు మనిషికి నెలకు 20 డాలర్లు. ఆరు నెలలకు మామూలు గుంపు 9.9 నుంచి 9.8. డబ్బు గుంపు 9.5 నుంచి 9.1. తోడున్న గుంపు 9.8 నుంచి 8.7. రెండు వందల డాలర్లు చేయలేని పని నెలకు ఇరవై డాలర్ల ఫోన్ కబుర్లు చేశాయి.

అన్నిచోట్లా ఇలాగే జరగలేదు. అలబామా పల్లెల్లో స్థానికులకే శిక్షణ ఇచ్చి, ఎక్కువగా ఫోన్ మీదే నడిపిన పరిశోధన 2015లో వచ్చింది. హెచ్‌బీఏ1సీలో తేడా లేదు. ఫోన్ ఫిలడెల్ఫియాలో చాలింది, అలబామాలో చాల్లేదు. అందుకే నేను వంటగది దాకా వెళ్ళే పద్ధతి వైపే ఉంటాను. బల్ల మీద సంచి బోర్లించడం ఫోన్‌లో కుదరదు.

కార్యకర్తల పద్ధతికి పెద్ద లోటు జీతం. గ్రాంటు ఉన్నన్నాళ్ళు మనిషి ఉంటుంది, గ్రాంటు అయిపోగానే అదే మనిషి గిడ్డంగిలో ఉద్యోగం వెతుక్కుంటుంది. పాస్టరు ఎక్కడికీ పోడు, బార్బరు ఎక్కడికీ పోడు. ఒక కార్యకర్త చూడగలిగేది కొన్ని డజన్ల ఇళ్ళే, చర్చి ఒక్క ఆదివారం వందల మందిని చూస్తుంది. ఇది నేను ఒప్పుకోక తప్పదు. కాస్త ఊరట ఏమిటంటే 2024 జనవరి నుంచి మిషిగన్‌లో పేదల ప్రభుత్వ బీమా మెడికెయిడ్ కార్యకర్తల పనికి డబ్బు కడుతోంది, పెద్దవయసువాళ్ళ ప్రభుత్వ బీమా మెడికేర్ కూడా అదే నెలనుంచి ఇలాంటి సేవలకు చెల్లింపు మొదలుపెట్టింది.

మిగతావి చకచకా. వ్యాయామశాలలు నడిపే వైఎంసీఏ లాంటి సంస్థలు షుగర్ రాకుండా పెట్టే క్లాసులు ఉన్నాయి. 2002 నాటి 3,234 మంది పరిశోధనలో తిండీ నడకా మార్చుకున్నవాళ్ళలో షుగర్ రావడం 58 శాతం తగ్గింది, మెట్‌ఫార్మిన్‌తో 31 శాతం. దాన్ని గుంపు క్లాసుగా మార్చి నడపవచ్చని ఇండియానాపొలిస్ వైఎంసీఏ చూపించింది, 2018 నుంచి మెడికేర్ కూడా కడుతోంది. దగ్గర్లో క్లాసూ, సాయంత్రం ఆరింటికి బస్సూ ఉంటే వెళ్ళండి. నల్లజాతి ఆడవాళ్ళను రోజూ అరగంట నడిపించే గర్ల్‌ట్రెక్ నాకు నచ్చుతుంది, దానికి ఖర్చల్లా బూట్లే.

తోటలూ కొట్లూ. డెట్రాయిట్‌లో రివర్ రూజ్ పార్కులో నల్లజాతివాళ్ళు నడిపే డీ-టౌన్ ఫామ్ ఉంది, ఏడెకరాలు. 2024లో నార్త్ ఎండ్‌లో జనమే వాటాదారులుగా ఒక కిరాణా తెరిచారు. నేను అక్కడ ఆకుకూరలు కొంటాను, కొనమని చెప్తాను. కానీ షుగర్ తగ్గుతుందనే ఆశతో కొట్టు పెడితే నిరాశ తప్పదు. ఫిలడెల్ఫియాలో ఒక పేటకు కొత్త సూపర్‌మార్కెట్ వచ్చాక చూస్తే, కూరగాయలు దొరుకుతున్నాయని జనం గమనించారు, తినేది మాత్రం మారలేదు, బరువూ మారలేదు. ఇదీ 2014లో తేలింది.

అసలు పేటే వదిలేస్తే? నవ్వుకోకండి, అదీ చూశారు. 1994 నుంచి 98 దాకా అయిదు నగరాల్లో బాగా పేద పేటల్లో ఉండే తల్లులకు, ఎక్కువమంది నల్లజాతివాళ్ళే, లాటరీ తీసి, కాస్త బాగున్న చోటికి మారితే అద్దెకు సాయం చేస్తామన్నారు. పది పదిహేనేళ్ళ తర్వాత చూస్తే ఆ అవకాశం దొరికినవాళ్ళలో షుగరూ విపరీతమైన లావూ తక్కువ. డైటు చెప్పినవాళ్ళు లేరు, మందు మార్చినవాళ్ళు లేరు. ఇది చదివిన రోజు నాకు నా కౌంటరు చాలా చిన్నదిగా కనపడింది. అయినా నూటికి డెబ్బై అయిదుకు పైగా నల్లజాతివాళ్ళుండే ఊరిని ఎక్కడికని మారుస్తాం.

అన్నీ ఒకచోట కలిసిన ఉదాహరణ కావాలంటే సౌత్ కరోలినాలోని చార్ల్‌స్టన్, జార్జ్‌టౌన్. చర్చిలూ లైబ్రరీలూ క్లినిక్కులూ కార్యకర్తలూ కలిసి రీచ్ కిందే ఒక కూటమి కట్టారు. ఏటా హెచ్‌బీఏ1సీ చేయించుకోవడంలో నలుపుకూ తెలుపుకూ ఉన్న 21 శాతం తేడా దాదాపు చెరిగిపోయింది, నల్లజాతివాళ్ళలో కాళ్ళు తీసేయాల్సిన కేసులు తగ్గాయి. అన్నిటికంటే ఇదే మేలని కళ్ళు మూసుకుని చెప్తాను. కాకపోతే దానికి యూనివర్సిటీ, ఏళ్ళ తరబడి నిధులు, కూర్చోబెట్టి మాట్లాడించే మనిషి కావాలి. నెలకు రెండు శనివారాలున్న నాబోటిదానికి అది అందదు.

కాబట్టి అడిగినవాళ్ళందరికీ నేను చెప్తున్నది ఇది. షుగర్ ఇంకా రానివాళ్ళు ఎక్కువుంటే చర్చి, మన లెక్కలో గుడి. ఉన్నట్టే తెలియని మగవాళ్ళను పట్టుకోవాలంటే బార్బర్ షాపు. వచ్చి, ముదిరి, హెచ్‌బీఏ1సీ తొమ్మిది దాటినవాళ్ళు ఉంటే గుమ్మం దాకా వెళ్ళే మనిషి, ఇంకేదీ దాని దరిదాపుల్లోకి రాదు. గుడి క్యాంపు పెట్టేవాళ్ళను ఇంకోటి కూడా అడుగుతున్నాను. పోయిన ఏడాది 200 దాటినవాళ్ళ ఫోన్ నంబర్లు మీ దగ్గర ఉన్నాయా? ఇప్పటిదాకా ఉన్నాయన్నవాళ్ళు ఒక్కరే.

నేను కార్యకర్తల బృందానికే ఒప్పుకున్నాను. చర్చివాళ్ళకు ఫోన్‌లో చెప్పడం బాగుండదని ఒక ఆదివారం వెళ్ళాను. తెల్ల టోపీ మదర్ అంతా విని, కాసేపు ఏమీ అనలేదు. తర్వాత చేతిసంచిలోంచి ఆ వారం కాగితం తీసి, 'సిక్ అండ్ షట్ ఇన్' జాబితా కింద ఖాళీలో పెన్సిల్‌తో రెండు పేర్లు, ఒక వీధి పేరు రాసి నా చేతికిచ్చింది. ఇద్దరూ వసంతం నుంచి క్లాసుకు రానివాళ్ళేనట.

"ముందు ఈ తలుపులు కొట్టు, బేబీ" అంది. "నేను పంపించానని మాత్రం చెప్పకు."